బ్రాయిలర్ దాణాలో నువ్వుల చెక్క, ఇతర గింజల పిండ్లు: ఎప్పుడు, ఎంత, ఎలా కలపాలి

2021 వానాకాలంలో సోయా పిండి ధర కిలో తొంభై దాటి వంద దాకా పోయింది. ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. సొంతంగా దాణా కలుపుకునే మాలాంటి చిన్న ఫారాలవాళ్లం బెంగళూరు వైపు హోసకోటె, చింతామణి, ముళబాగిలు రోడ్ల మీద ఏ గానుగ కనపడినా ఆగి, నూనె ఆడాక మిగిలే పిప్పి కోసం "చెక్క ఎంత?" అని అడిగింది ఆ నెలల్లోనే. చాలామంది కంగారులో దొరికిందల్లా కలిపేశారు. ఆ తప్పులు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటినుంచి బ్యాచ్ బ్యాచ్‌కూ లెక్క రాసుకుంటూ నేర్చుకున్నది ఇక్కడ వరుసగా చెప్తాను.

ముందే ఒక మాట. మీరు ఇంటిగ్రేషన్ కంపెనీకి కోళ్లు పెంచుతుంటే ఇది మీ పని కాదు. పిల్లలూ దాణా కంపెనీవే, మీది షెడ్డు, కష్టం. వాళ్ల దాణాలో ఏం కలిపినా ఒప్పందం తప్పినట్టే. పిల్లల్ని కొని, మొక్కజొన్న, సోయా తెచ్చి సొంతంగా కలుపుకునే వాళ్లకే ఇది పనికొస్తుంది.

మొదటి అడుగు: లాభమో కాదో కాగితం మీద చూసుకోవడం

చెక్క కొనకముందే చేయాల్సిన పని ఇది. మనవాళ్లు చేసేది దీనికి తిరగేసి. సోయా కన్నా కిలోకు పదమూడు రూపాయలు తక్కువని సంబరపడి రెండు క్వింటాళ్లు దింపించుకుంటారు, లెక్క తర్వాత.

మనం కొనేది మాంసకృత్తులు కాదు, ముఖ్యంగా లైసిన్. కోడి కండ పెరగడానికి కావాల్సిన అమైనో ఆమ్లాల్లో మొక్కజొన్నలో బాగా తక్కువైనది అదే. సోయా పిండిలో మాంసకృత్తులు సుమారు 46 శాతం, లైసిన్ 2.8 శాతం దగ్గర ఉంటాయి. గానుగ నువ్వుల చెక్కలో మాంసకృత్తులు 38 శాతం అనుకుంటే లైసిన్ 0.9 శాతం దగ్గరే. బస్తా మీద రాసిన మాంసకృత్తుల శాతం చూస్తే రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. లైసిన్ చూస్తే మూడోవంతు కూడా లేదు. మరో పక్క ఇంకో అమైనో ఆమ్లం మెథియోనిన్ విషయంలో నువ్వులే మేలు: సోయాలో 0.6 శాతం దగ్గర, నువ్వుల్లో 1 శాతం దగ్గర.

100 కిలోల ఫినిషర్ దాణాలో (మూడు వారాలు దాటాక అమ్మేదాకా పెట్టేది) 5 కిలోల సోయా తీసి 5 కిలోల నువ్వుల చెక్క పెట్టామనుకోండి. తగ్గిన లైసిన్ 95 గ్రాములు. బజారులో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు లైసిన్ 78 శాతమే కాబట్టి 122 గ్రాములు వేయాలి. చెక్కలో లైసిన్ అంతా అరగదు కనుక 130 వేయండి. థ్రియోనిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కూడా కాస్త తగ్గుతుంది, 25 గ్రాములు చాలు. మెథియోనిన్ లెక్కకు 20 గ్రాములు మిగులుతుంది, కానీ అంతా తగ్గించకుండా 15 గ్రాములు తగ్గించండి. మొత్తం మాంసకృత్తులు 0.4 శాతం తగ్గుతాయి. ఈ మూడూ సరిచేశాక ఆ తగ్గుదలకు నేను టెన్షన్ పడను.

ఇప్పుడు డబ్బు లెక్క. ధరలు నేను ఉదాహరణకు అనుకున్నవి, మీ ఊరి ధర మీరు వేసుకోండి. సోయా 45, నువ్వుల చెక్క 32. అయిదు కిలోల మీద 65 రూపాయలు మిగిలింది. లైసిన్ కిలో 180 అయితే 130 గ్రాములకు 23 పోయింది. థ్రియోనిన్‌కు నాలుగు పోతే మెథియోనిన్‌లో నాలుగు వచ్చింది, చెల్లుకు చెల్లు. మిగిలింది 42. చెక్క పగలగొట్టి ఆడించే కూలి, ల్యాబ్ పరీక్ష ఖర్చు తీస్తే నూరు కిలోలకు 30 రూపాయలు చేతికొస్తుంది. వెయ్యి కోళ్లు ఫినిషర్ దాణా రెండు టన్నులు తింటే మొత్తం 600 రూపాయలు.

దాణా కిలో 38 అయితే ఆ 600కు పదహారు కిలోల దాణా కూడా రాదు. అంటే ఒక్కో కోడి బ్యాచ్ మొత్తంలో 16 గ్రాములు, ఒక గుప్పెడు కన్నా తక్కువ, అదనంగా తింటే లాభం సున్నా. 2.1 కిలోల కోడికి ఎఫ్‌సిఆర్ (కిలో బరువుకు తిన్న దాణా కిలోలు) 1.65 ఉన్నది 1.66 అయితే చాలు, అది 21 గ్రాములు. మనం నష్టపోయినట్టే, పైగా అది మన కంటికి కనిపించదు.

అదే 2021లా సోయా 90కి పోయి, నువ్వుల చెక్క 40 దగ్గర ఉంటే? అయిదు కిలోల మీద 250 మిగులుతుంది. ఖర్చులు 35 తీసినా 215. రెండు టన్నులకు 4,300. దాణా కిలో 50 అనుకున్నా, ఒక్కో కోడి 86 గ్రాములు ఎక్కువ తినేదాకా మనకు వెసులుబాటు ఉంటుంది. అప్పుడు ఈ పని చేయాలి.

నా లెక్కలో సోయాకూ చెక్కకూ మధ్య తేడా కిలోకు ఇరవై దాటకపోతే దాని జోలికి వెళ్లను. కానీ ఎలా కలపాలో మాత్రం సోయా చౌకగా ఉన్నప్పుడే ఒక చిన్న బ్యాచ్ మీద నేర్చుకుని పెట్టుకోవాలి. ధర మండిపోతున్నప్పుడు ప్రయోగాలు మొదలుపెడితే రెండు వైపులా కాలుతుంది.

రెండో అడుగు: ఏ గింజ?

బెంగళూరు చుట్టుపక్కల దొరికేవాటిని నేను మూడు కుప్పలు పోసుకుంటాను: కలపదగ్గవి, జాగ్రత్తగా కలపాల్సినవి, గుమ్మం తొక్కనివ్వకూడనివి.

నువ్వుల చెక్కతోనే మొదలుపెట్టండి. ఇది మనకు కొత్తదేమీ కాదు, ఇంట్లో మునగాకు వేసి తెలగపిండి కూర వండుకునేది దీనితోనే. బాలింతకు పెట్టేది కోడికి పెట్టడానికి ఏం భయం అని మా అమ్మ అంది. భయం విషానికి కాదు, ఫైటేట్‌కూ ఆక్సలేట్‌కూ. ఫైటేట్ భాస్వరాన్ని, జింకును పట్టి ఉంచుతుంది. పొట్టులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టుకుంటుంది. మనిషి కూరగా కాస్త తింటాడు, కోడి రోజంతా అదే తింటుంది. అందుకే నువ్వుల చెక్క వేసే దాణాలో ఆ ఫైటేట్‌ను విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ తప్పనిసరి. పొట్టు తీసిన తెల్ల నువ్వుల చెక్క దొరికితే ఇంకా మంచిది. మొదటి బ్యాచ్‌కు 5 శాతం మించొద్దు. చేయి తిరిగాక కూడా నేను 8 దాటలేదు.

పొద్దుతిరుగుడు పిండిలో చెప్పుకోదగ్గ విషం లేదు, ఉన్నదల్లా పీచు. పొట్టుతో ఆడినదాంట్లో మాంసకృత్తులు 28 శాతం దగ్గర ఉంటాయి, పొట్టు తీసినదాంట్లో 36 దాటుతాయి. పీచు పెరిగితే శక్తి తగ్గుతుంది. అయిదు కిలోలు మార్చితే ఆ శక్తి పూడ్చడానికి నూరు కిలోల దాణాకు అరకిలో పైన నూనె వేయాల్సి వస్తుంది, ఆ నూనె ఖర్చే మిగులును తినేస్తుంది. కొప్పళ, రాయచూరు వైపు నుంచి పొట్టు తీసిన సరుకు వస్తే కొనండి. నల్ల పొట్టు కంటికి కనపడే సరుకును ఆవులవాళ్లకు వదిలేయండి.

గోరుచిక్కుడు గింజల పిండి, కన్నడలో గోరికాయి అంటారే, దాని గింజ నుంచి బంక తీసేశాక మిగిలేది. రాజస్థాన్ నుంచి వస్తుంది. వ్యాపారులు కొర్మా, చూరి అని రెండు రకాలు చెప్తారు. కొర్మాలో మాంసకృత్తులు 50 శాతం పైన, సోయాకు దీటుగా. చూరిలో తక్కువ, బంక ఎక్కువ. ఈ బంకే అసలు చిక్కు. కోడి పేగులో పాకంలా చిక్కబడి అరగనివ్వదు, రెట్ట అంటుకుపోతుంది, నేల మీద పరిచిన లిట్టర్ తడుస్తుంది. ఒక చెంచా పిండి వేడి నీళ్లలో కలిపి పది నిమిషాలాగి వేళ్ల మధ్య లాగి చూడండి, జిగురు తీగలా సాగితే ఆ బస్తా తీసుకోవద్దు. వేయించిన కొర్మా అయితే 3 శాతం దాకా, ఆ బంకను విడగొట్టే మన్నానేజ్ ఎంజైమ్ కలిపి వాడొచ్చు.

వెర్రినువ్వులను కన్నడిగులు హుచ్చెళ్ళు అంటారు, వాళ్లకూ మనకూ ఆ నువ్వులు పిచ్చివే. వీటి చెక్కలో పీచు ఎక్కువ. 3 శాతం దాకా ఫర్వాలేదు. అవిసె చెక్కలో జిగురుతో పాటు సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం, బి6 విటమిన్‌కు అడ్డుపడే పదార్థం రెండూ ఉంటాయి. ఒకసారి పెట్టి చూశాను, ఇప్పుడు వాడను.

పత్తిగింజల పిండిలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. అది లైసిన్‌ను కూడా పట్టేసుకుంటుంది, ఎక్కువైతే గుండె, కాలేయం మీద పడుతుంది. ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇనుము గాసిపాల్‌ను కట్టేస్తుంది కాబట్టి పెద్ద మిల్లులు పరీక్ష చేయించి వాడతాయి. గాసిపాల్ ఎంతుందో తెలియకుండా ఇనుము ఎంత వేస్తారు? ల్యాబ్ కాగితం లేకపోతే వద్దు. పక్క షెడ్డులో గుడ్ల కోళ్లుంటే అసలే వద్దు, నిల్వ ఉంచిన గుడ్ల రంగు మారుతుంది.

శ్రీనివాసపుర వైపువాళ్లు మామిడి జీడి గురించి అడుగుతుంటారు. పల్ప్ ఫ్యాక్టరీల దగ్గర టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి కదా. అది మాంసకృత్తుల సరుకు కాదు, పిండిపదార్థం. సోయాకు కాదు, మొక్కజొన్నకు బదులు. టానిన్ అనే వగరు పోయేలా నానబెట్టి, ఉడకబెట్టి, ఎండబెట్టే కూలి లెక్కేస్తే మొక్కజొన్నే చవక. పనసగింజలదీ, చింతగింజలదీ అదే కథ.

ఇక గుమ్మం తొక్కనివ్వకూడనివి: ఆముదం పిండి, కానుగ పిండి, వేప పిండి, ఇప్ప పిండి, అడవి ఆముదం పిండి. ఆముదంలో రిసిన్ అనే విషం ఉంటుంది. తోటకు ఎరువుగా వేసిన ఆముదం పిండి తిని కుక్కలు చచ్చిపోవడం రైతులకు తెలిసిందే. అడవి ఆముదంలోని విషం వేడికి కూడా లొంగదు. వేప, కానుగలను శుద్ధి చేసి పెట్టొచ్చని చెప్పేవాళ్లుంటారు. పరిశోధనశాలలో అది వేరు, మన షెడ్డులో వేరు. ఇక్కడ మరో ప్రమాదం కూడా ఉంది. చెక్కలు అమ్మే చాలా కొట్లలో ఎరువు పిండ్లు, పశువుల చెక్కలు పక్కపక్కనే ఉంటాయి. ఒకే పార, ఒకే తక్కెడ, ఒకే చింపిరి గోనెలు. వేప పిండి తూచిన పారతోనే నా నువ్వుల చెక్క తీయబోతుంటే ఒకసారి ఆపాను. కొట్టాయన నవ్వి, "ఏమన్నా, కోళ్లకు కూడా మడి ఆచారమా?" అన్నాడు. ఉండాల్సిందే.

మూడో అడుగు: కొనడం, పరీక్షించడం

నువ్వుల చెక్క మూడు దారుల్లో వస్తుంది. కట్టె గానుగ చెక్కలో నూనె పది శాతం పైన మిగిలి ఉంటుంది. ఎక్స్‌పెల్లర్ చెక్కలో ఆరు నుంచి ఎనిమిది. ద్రావణంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంటు పిండిలో ఒక శాతం దగ్గర. ఈ చివరిదాన్నే వ్యాపారులు డీఓసీ (డీ-ఆయిల్డ్ కేక్) అంటారు. కోళ్లవాళ్లకు డీఓసీ అంటే ఒకరోజు పిల్ల కూడా. ఫోనులో "డీఓసీ రేటెంత?" అంటే ముందు ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోండి.

బెంగళూరులో ఇప్పుడు వీధికో గానుగ నూనె కొట్టు వచ్చింది. చెక్క వాళ్లకు అడ్డం, కాబట్టి బేరం కుదురుతుంది. కానీ కొనకముందు ఒక్క ప్రశ్న అడగండి: "బెల్లం వేస్తారా?" తమిళనాడు పద్ధతిలో నువ్వుల నూనె ఆడేటప్పుడు తాటిబెల్లం వేస్తారు, హోసూరు, కృష్ణగిరి నుంచి వచ్చిన గానుగవాళ్లు ఇక్కడా అలాగే చేస్తారు. నీళ్లు కూడా చల్లుతారు. నూనెకు అది మంచి రుచి. చెక్కకు మాత్రం రెండు రకాలుగా చేటు. బెల్లం తేమను పీల్చుకుంటుంది, బూజు పడుతుంది. బెల్లం ఉన్న చెక్కను వేడి చేస్తే ఆ చక్కెర లైసిన్‌తో కలిసిపోయి, ఉన్న కాస్త లైసిన్ కూడా కోడికి అందదు. మాడు వాసన వచ్చే నల్లటి ఎక్స్‌పెల్లర్ చెక్కలోనూ ఇదే జరుగుతుంది. ల్యాబులో మాంసకృత్తులు అంతే చూపిస్తాయి, కోడి మాత్రం పెరగదు.

నా మొదటి దెబ్బ ఇదే. జులైలో ఒక గానుగ దగ్గర అయిదు బస్తాలు చవగ్గా తెచ్చి గోడకు ఆనించి పేర్చాను. పది రోజుల తర్వాత తమ్ముడు బస్తాలో చేయి పెట్టి, "అన్నా, వేడిగా ఉంది" అన్నాడు. ఒక చెక్క విరిచి చూస్తే బయట గోధుమ రంగు, నిగనిగ. లోపల పొర పొరకూ మధ్య పచ్చటి బూజు, పాత గోనె వాసన. అయిదూ కొబ్బరిచెట్ల మొదళ్లకు పోయాయి. అందుకే కొనేటప్పుడు మూడు బస్తాల నుంచి మూడు చెక్కలు తీసి మధ్యకు విరిచి చూడండి. అంచు చూసి మోసపోవద్దు.

చేతిలో చేయగలిగిన పరీక్షలు ఇంకో మూడు ఉన్నాయి.

గాజు గ్లాసులో నీళ్లు పోసి గుప్పెడు పొడి వేసి కలిపి పావుగంట ఆగండి. ఇసుక అడుగున గీతలా చేరుతుంది, ఊక పైకి తేలుతుంది. నీళ్లు టీ రంగులోకి తిరిగి నాలుకకు తియ్యగా ఉంటే బెల్లం ఉన్నట్టు.

యూరియా కల్తీకి: రెండు చెంచాల చెక్క పొడి, ఒక చెంచా వేయించని పచ్చి సోయా గింజల పొడి, గోరువెచ్చని నీళ్లు ఒక సీసాలో కలిపి మూత పెట్టి అరగంట తర్వాత వాసన చూడండి. మూత్రశాల ఘాటు వస్తే యూరియా ఉంది, పచ్చి సోయాలోని ఎంజైమ్ దాన్ని అమోనియాగా విడగొట్టింది. యూరియా ఎందుకు కలుపుతారంటే ల్యాబులో కొలిచేది నత్రజని, దాన్ని 6.25తో హెచ్చించి మాంసకృత్తులు అంటారు. నూటికి ఒక కిలో యూరియా కలిపితే కాగితం మీద మాంసకృత్తులు దాదాపు 2.9 శాతం పెరుగుతాయి. కోడికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

మూడోది నోరు. చిటికెడు నమిలి చూడండి. చేదు ఉంటే వేపో కానుగో కలిసింది, గొంతులో గరగరలాడితే నూనె ముక్కిపోయింది. వెంటనే ఉమ్మేయండి, మింగాల్సిన పని లేదు.

క్వింటాళ్ల లెక్కన కొంటుంటే ల్యాబుకు పంపండి. పది బస్తాల నుంచి పైనా మధ్యా అడుగునా తీసి, పొడి చేసి, గోనె మీద గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతావి తీసేయండి. అరకిలో మిగిలేదాకా అలాగే చేయండి. తేమ, మాంసకృత్తులు, పీచు, నూనె, ఇసుక, బూజు విషమైన అఫ్లాటాక్సిన్ బి1 అడగండి. కోళ్ల దాణాకు భారత ప్రమాణాల ప్రకారం అఫ్లాటాక్సిన్ బి1 కిలోకు 20 మైక్రోగ్రాములు మించకూడదు. నగరంలో ఆడుగోడిలో జాతీయ పశు పోషణ, శరీరధర్మ శాస్త్ర సంస్థ ఉంది, హెబ్బాళలో పశువైద్య కళాశాల ఉంది, ప్రైవేటు ల్యాబులూ ఉన్నాయి. ఎక్కడ ఏ పరీక్ష, ఎంత రుసుము అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. బెంగళూరు ట్రాఫిక్‌లో ఊరికే ఒక పూట పోగొట్టుకోవద్దు.

నాలుగో అడుగు: ఎండబెట్టడం, ఆడించడం, నిల్వ

చెక్కలను సుత్తితో బొటనవేలంత ముక్కలుగా కొట్టి టార్పాలిన్ మీద ఒక రోజు ఎండలో పెట్టండి. పెనం మీద వేయించొద్దు, పైన చెప్పిన లైసిన్ సంగతే కారణం. ముక్క విరిస్తే పటుక్కున విరగాలి, వంగకూడదు.

హామర్ మిల్లులో 3 మిల్లీమీటర్ల జల్లెడ వేసి ఆడించండి. గానుగ చెక్కలో నూనె ఉంటుంది కనుక ఒక్కదాన్నే ఆడిస్తే జల్లెడ మూసుకుపోతుంది. మొక్కజొన్నతో సగం సగం కలిపి ఆడిస్తే ఆ బాధ లేదు. సరిగ్గా ఆడకపోతే ఏమవుతుందో మా షెడ్డులో చూశాను. కోళ్లు మొక్కజొన్న నూకను ఏరుకుని తిని రాయిలాంటి చెక్క ముక్కల్ని ఫీడర్ అడుగున వదిలేశాయి. మనం కాగితం మీద 5 శాతం పెట్టామని మురిసిపోతాం, కోడి మాత్రం తన ఫార్ములా తాను రాసుకుంటుంది.

బస్తాలు చెక్క పలకల మీద, గోడకు ఒక అడుగు ఎడంగా ఉండాలి. గానుగ చెక్క మూడు వారాల్లో అయిపోయేంతే కొనండి, వానాకాలమైతే రెండు వారాలు.

అయిదో అడుగు: కలపడం

ప్రీస్టార్టర్‌లో, అంటే మొదటి వారం, ఏ చెక్కా వద్దు. పిల్ల పేగు ఇంకా తయారవుతుంటుంది. 21 రోజుల దాకా స్టార్టర్‌లోనూ నేను పెట్టను. అక్కడ మిగిలే డబ్బు కన్నా పోయే ఎదుగుదల ఎక్కువ. భారత ప్రమాణాల్లో ప్రీస్టార్టర్‌కు 23, స్టార్టర్‌కు 22, ఫినిషర్‌కు 20 శాతం మాంసకృత్తులు ఉండాలి. వెసులుబాటు ఉన్నది ఫినిషర్‌లోనే, పైగా కోడి తినేదాంట్లో సగం పైన అప్పుడే తింటుంది.

లైసిన్, థ్రియోనిన్, ఫైటేజ్, టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టి ఉంచేది) లాంటి గ్రాముల్లో వేసేవాటిని నేరుగా మిక్సర్‌లో పోయొద్దు. ముందు ఒక కిలో మొక్కజొన్న పిండిలో చేత్తో కలపండి, దాన్ని అయిదు కిలోల్లో, ఆ తర్వాతే మిక్సర్‌లో. అడ్డ మిక్సర్ అయితే అయిదు నిమిషాలు, నిలువు మిక్సర్ అయితే పావుగంట. నూనె చివర్లో పోయాలి. నేల మీద పారతో కలిపేవాళ్లు ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. 130 గ్రాముల లైసిన్ క్వింటాల్ అంతా సమంగా పారతో పంచడం అయ్యే పని కాదు. అది సమంగా కలవకపోతే మొదటి అడుగులో వేసిన లెక్కంతా వృథా.

దాణా ఒక్కసారిగా మార్చొద్దు. 22వ రోజు పాత దాణాలో పావు వంతు కొత్తది, మర్నాడు సగం, ఆ మర్నాడు ముప్పావు, నాలుగో రోజు పూర్తిగా.

ఆరో అడుగు: రెండు గదుల పరీక్ష

షెడ్డంతా ఒకేసారి మార్చేవాడికి దాణా మంచిదో చెడ్డదో ఎప్పటికీ తెలియదు. ఎండ ఎక్కువైనా, పిల్ల నాసిరకమైనా నెపం చెక్క మీదికే పోతుంది, లేకపోతే చెక్క తప్పు ఎండ మీదికి పోతుంది. మెష్ అడ్డం కట్టి ఒకే బ్యాచ్ నుంచి నూరు, నూరు పిల్లల్ని విడదీయండి. ఫీడర్లు, డ్రింకర్లు, గాలి, బల్బు రెండు వైపులా ఒకటే ఉండాలి. ఒక వైపు పాత దాణా, ఇంకో వైపు చెక్క దాణా.

21, 28, 35 రోజుల్లో తూకం వేయండి. లావుగా కనపడినదాన్ని పట్టుకోవడం చేతికి అలవాటు, కాబట్టి ఒక మూల తడికతో ఆపి లోపల చిక్కినవన్నీ తూచండి, ఇరవైకి తగ్గకుండా. పోసిన దాణా, మిగిలిన దాణా రెండూ రాయండి. చచ్చినవాటిని తేదీతో, తూకంతో రాయండి, లేకపోతే ఎఫ్‌సిఆర్ తప్పొస్తుంది. ముప్పై నలభై గ్రాముల తేడా కనిపిస్తే ఊరికే పొంగిపోవద్దు, కుంగిపోవద్దు, నూరు కోళ్లలో అది మామూలుగానే వస్తుంది. తర్వాతి బ్యాచ్‌లో వైపులు మార్చి మళ్లీ చేయండి. రెండుసార్లూ ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మండి.

రోజూ పొద్దున లైటు వేయగానే కిందికి చూడండి. రెట్ట జారుగా, జిగురుగా ఉంటే బంక, లేదా ఉప్పు ఎక్కువ. లిట్టర్ గుప్పిట్లో పట్టి పిసికితే ముద్దై అలాగే నిలబడితే తడి ఎక్కువైంది. కోడి రెండడుగులు వేసి కూర్చుండిపోతుంటే కాల్షియం, భాస్వరం అందట్లేదు, ఫైటేజ్ వేశారో లేదో చూసుకోండి. ఈకలు సరిగా రాక వీపు బోసిగా ఉంటే అమైనో ఆమ్లాలు తక్కువ. ఫీడర్ నిండా ఉండి కోళ్లు కూస్తూ తిరుగుతుంటే ఆ దాణా మీరే ఒకసారి నమలండి.

అమ్మే ముందు రెండు గదుల నుంచి ఒక్కొక్కటి కోయించండి. కాలేయం ముదురు ఎరుపులో గట్టిగా ఉండాలి. పాలిపోయి పసుపు తిరిగి, వేలితో నొక్కితే పిసుకుపోతుంటే బూజు విషం లోపలికి వెళ్లినట్టు, ఆ చెక్క బస్తాలు మిగిలినవి ఆ రోజే బయటికి పంపాలి. కందనకాయ చీల్చి లోపల చెక్క ముక్కలు అలాగే ఉన్నాయేమో చూడండి, ఉంటే జల్లెడ మార్చాలి. తర్వాత రెండు కోళ్లూ వేరువేరు గిన్నెల్లో, ఏది ఏదో వండేవాళ్లకు చెప్పకుండా వండించండి. మా ఇంట్లో నువ్వుల చెక్క కోడి ముక్కను ఎవరూ గుర్తుపట్టలేకపోయారు. అవిసె చెక్క పెట్టిన కోడిని మాత్రం మా ఆవిడ మొదటి ముద్దకే పట్టేసింది, "ఏందిది, చేపల గిన్నెలో గాని వండినారా?" అని.